చప్టా మీద ఆగని బండి

1955 ఫిబ్రవరి 3, గురువారం. ఆత్మకూరు.

ఉదయగిరి మోటారు షెడ్డు యజమాని రామనారాయణ నా ఫోటో చూసి నిలబడ్డ బండి అన్నాడు. నలుగురి ముందర అన్నాడు. నాలుగేళ్ళయింది. ఇంతవరకూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

యాభై ఒకటిలో కార్ల పందెం పెట్టారు. ఇక్కడ ఆత్మకూరులో బయలుదేరి ఉదయగిరి చేరాలి. నాలుగు కార్లు. మూడు మద్రాసు క్లబ్బువాళ్ళవి. నాలుగోది రామనారాయణది. తలుపులు, టాపు పీకించి ఎర్ర రంగు కొట్టించాడు. దాన్ని ఆయన డ్రైవరు మస్తాన్ నడిపాడు. నెల్లూరు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు ముప్పై తీస్తే ముప్పైలోనూ తడిగుడ్డతో తుడిచిన పలకే. ఏది కారో ఏది దుమ్మో తెలియదు. నేను తీసింది ఒక్కటి. వాగు దాటే చప్టా మీద తీశాను. చప్టా రాతిది, పైన కాస్త నీళ్ళు పారుతుంటాయి, దుమ్ము లేవదు. ఆ సంగతి నాకు తోచింది, నెల్లూరువాడికి తోచలేదు. నా ఫోటోలో చక్రం కమ్మీలు లెక్కపెట్టుకోవచ్చు. మస్తాన్ మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. సెకనును వెయ్యి ముక్కలు చేసి అందులో ఒక్క ముక్కలో పట్టాను. ఈ తాలూకాలో ఎవడి చేతనవుతుంది?

దాన్ని నిలబడ్డ బండి అన్నాడు. బండి పందెంలో మూడోదిగా వస్తే నేనేం చేయను.

ఫిబ్రవరి 5, శనివారం.

మోకాళ్ళు పట్టేశాయి. గిరాకీ లేదు.

ఫిబ్రవరి 8, మంగళవారం.

మస్తాన్ వచ్చాడు. నాలుగేళ్ళలో నా గడప తొక్కడం ఇదే మొదలు.

"ఏంది మస్తాన్, దారి తప్పినావా?"

"ఫోటో దిగాల పెద్దాయనా. చిన్న సైజుది. అప్లికేషన్‌కి."

గోడకున్న కోటు ఇచ్చాను. భుజాల దగ్గర పట్టలేదు. బస్టాండులో రేడియేటర్లకు నీళ్ళు మోసి మోసి భుజాలు పెరిగాయి. కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తు, ఇటు చూడు అన్నాను. వాడు నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"నువ్వు చూడమంటే ఒకసారి చూసినా గదా పెద్దాయనా. సాలదా?"

నేను కెమెరా మూత తీసి మళ్ళీ పెట్టాను. ఫోటో అయింది. 

పోతూ పోతూ వాడే చెప్పాడు. ఉదయగిరిలో కొత్త బస్సు కంపెనీ పెట్టారు. మార్చి పదిహేనున డ్రైవర్లను తీసుకుంటారు. మునుపు పని చేసినచోట నుంచి మంచివాడని కాగితం తేవాలి. మస్తాన్ రామనారాయణ దగ్గరికి పోయి అడిగాడు.

"ఏమన్నాడు?"

"ఇస్తానన్నాడు. నువ్వు తీసిన ఫోటో గూడా దానికి అంటించి ఇస్తాడంట. షెడ్డంతా నవ్వినారు."

పందెం రోజున ఉదయగిరి కోట కింద ఎక్కే రోడ్డులో పెట్రోలు పైపు పూడుకుపోయిందని, ఊది బిగించేసరికి పది నిమిషాలు పోయిందని వాడు అప్పుడే చెప్పాడు. రామనారాయణ వినలేదు. మద్రాసువాళ్ళ దగ్గర లంచం తిని చప్టా మీద బండి ఆపేశావన్నాడు. సాక్ష్యం నా ఫోటో. ఫోటో చూసిన రోజే పనిలోంచి తీసేశాడు. అప్పటి నుంచి ఎవరూ వాడి చేతికి స్టీరింగు ఇవ్వలేదు. ఊళ్ళో వాడి పేరు చప్టా మస్తాన్.

ఫిబ్రవరి 9, బుధవారం.

మస్తాన్ సంగతితో నాకు సంబంధం లేదు. నేను ఫోటో తీసేవాడిని. కనపడింది తీశాను.

అందరి ఫోటోల్లోనూ మొహం కనపడాలంటాను. మిషన్ దొర దగ్గర కెమెరా అద్దం ప్లేట్లు మోసిన రోజుల నుంచి నా పద్ధతి అదే. మొహం లేని ఫోటో ఫోటో కాదు. పందెం ముందురోజు మస్తాన్‌కు కూడా అదే చెప్పాను. చప్టా దగ్గరికి రాంగానే ఒక్కసారి నా వైపు చూడరా, మీ ఆవిడ గుర్తుపట్టొద్దా అన్నాను. వాడు పెద్దవాడి మాట అని గౌరవించాడు. గంటకు యాభై మైళ్ళ మీద వస్తూ, స్టూడియోలో కూర్చున్నట్టు తల తిప్పి, గడ్డం ఎత్తి చూశాడు.

బ్రేకు వేయలేదు. నీళ్ళు నా పంచె మీద చిందాయి. ఇది నేను ఎవరి ముందయినా చెబుతాను.

ఫిబ్రవరి 12, శనివారం.

బస్సులో ఉదయగిరి పోయి వచ్చాను. రామనారాయణ షెడ్డులో ఆఫీసు గదిలో నా ఫోటో ఇంకా వేలాడుతోంది. నెగిటివు కూడా తీసుకుపోయాను. బండి ఆ క్షణాన పోతూనే ఉందని చెప్పాను.

"ఏం ఆదెయ్యా, పోయే బండిలో కమ్మీలు ఎట్ట కనబడతయ్? మా పెరట్లో గిలకబావి చక్రం తిప్పితేనే కనబడవే."

"నా షట్టరు వెయ్యో వంతులో మూసుకుంటాది. అందుకని కనబడతయ్."

"డ్రైవరు నీ తట్టు చూస్తుండాడే? పందెంలో ఉండేవాడు రోడ్డు చూస్తాడా, నిన్ను చూస్తాడా?"

"నేనే చూడమన్నా."

షెడ్డులో మెకానిక్ పెంచలనరసయ్య పానా కింద పెట్టి మరీ నవ్వాడు. "సామీ, ఈయన చెప్తే పరిగెత్తే ఎద్దు గూడా నిలబడి పండ్లు చూపిస్తాదంట."

రామనారాయణ నవ్వలేదు. "పోయే బండి పోతున్నట్టుండే ఫోటో ఒకటి తీసుకురా. అప్పుడు నీ మాట వింటా. అయినా, ఆ రోజు ఇదే గదిలో నువ్వేం చెప్పినావో నీకు గుర్తుండాదా?" అన్నాడు.

బస్సుకు టైమయిందని వచ్చేశాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 13, ఆదివారం.

మిషన్ గుడికి పోయాను. ప్రసంగం ఒక్క మాట వినపడలేదు.

ఫిబ్రవరి 16, బుధవారం.

ఊరి బయట నిలబడి కలువాయి బస్సును తీశాను. షట్టరు నెమ్మది చేసి సెకనులో ఇరవై ఐదో వంతు పెట్టాను. ప్లేటు కడిగితే చింతచెట్లు ఉన్నాయి, మైలురాయి ఉంది, బస్సు లేదు. దాని బదులు పొగ లాంటిది ఉంది.

నా చెల్లెలు రెబెకమ్మ చూసింది. "బస్సేది అన్నా? దయ్యాన్ని తీసినావా?"

"పోయే బండి అట్లనే ఉంటది."

"నాకు అట్ట కనబడదే. నేను బస్సును చూస్తే బస్సు బాగనే ఉంటాది. చెట్లే పరిగెత్తతయ్."

నోరు మూసుకుని గంజి కాయమన్నాను. మొగుడు పోయి నా పంచన ఉంటోంది కానీ నాకంటే ఒక మాట ఎక్కువే మాట్లాడుతుంది.

ఫిబ్రవరి 17, గురువారం.

రెబెకమ్మ చెప్పింది నిజమే. బస్సు వచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి చూశాను. కన్ను దానితోపాటే పోతుంది. మెడ పోతుంది. బండి నిలకడగా ఉంటుంది, వెనకాల లోకమంతా గీతలు గీతలుగా పోతుంది. వేగం బండిలో లేదు, వెనకాల ఉంది. యాభై ఏళ్ళ నుంచి కెమెరాను మేకులా పాతి తీస్తున్నాను. అది కూడా మెడ తిప్పాలి.

రెబెకమ్మకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి.

ఫిబ్రవరి 20, ఆదివారం.

స్టాండు మీద పెట్టి తిప్పితే మర పట్టి పట్టి వదులుతోంది. బస్సుకు నాలుగు తలలు వచ్చాయి. చేత్తో పట్టుకు తిప్పితే చెయ్యి వణుకుతోంది. డెబ్బై దగ్గరికి వచ్చాను. ఆరు ప్లేట్లు పోయాయి.

నేను చేయలేనేమో.

ఫిబ్రవరి 22, మంగళవారం.

రెబెకమ్మ వసారాలో తిరగలి ముందు కూర్చుని రాగులు విసురుతోంది. పై రాయి కింద రాయి మీద తిరుగుతోంది. పట్టడం లేదు, ఆగడం లేదు. అన్నం తినడం మాని అదే చూశాను.

"లెయ్. తిరగలి నాకు కావాల."

"విసురుతావా? ఈ వయసులో మారు మనసు వచ్చిందా అన్నా?"

పై రాయి మీద కెమెరా పెట్టి తాడుతో కట్టాను. పిడి పట్టి తిప్పాను. రాయి రాయి రాసుకుని గరగరమని అదిరింది.

రెబెకమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి చూసింది. "ఉత్త రాయి తిప్పితే అదరక ఏం చేస్తాది? పిడికెడు గింజలు పొయ్యి. గింజల మీద రాయి జారతాది. ఆడదాన్ని అడిగితే నీ సొమ్మేం పోద్ది?"

గింజలు పోసింది. తిప్పింది. నీళ్ళ మీద పడవలా పోయింది.

నేను తిప్పితే అలా రాలేదు. మూడుసార్లు చూశాను.

ఫిబ్రవరి 25, శుక్రవారం.

ఎద్దుల బండిలో తిరగలి వేసుకుని రోడ్డు పక్కకు పోయాం. కెమెరా మీద నిలువుగా పుల్ల ఒకటి కట్టాను. బస్సు డ్రైవరు తలకాయ మీద నుంచి ఆ పుల్లను జారనివ్వకు అని రెబెకమ్మకు చెప్పాను. అది గొంతుక్కూర్చుని పిడి పట్టింది. నేను షట్టరు తాడు పట్టుకున్నాను. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ఏంది ఆదెయ్యా, బస్సును పిండి పట్టిస్తుండావా?" అని ఒకడు.

"నీ నోట్లో పోస్తా, పట్టు" అని రెబెకమ్మ.

మూడో ప్లేటులో వచ్చింది. కలిగిరి బస్సు. కండక్టరు చొక్కా బొత్తాములు కనపడుతున్నాయి. చక్రాలు గిర్రున తిరుగుతున్నట్టే ఉన్నాయి, కమ్మీ ఒక్కటి కనపడదు. వెనకాల తాటిచెట్లు నిలువుగా లేవు. అడ్డంగా, దువ్వెనతో దువ్వినట్టు పోయాయి. ఎర్ర దీపం కింద నీళ్ళలో అది పైకి తేలుతుంటే ప్లేటు పట్టుకున్న చేతికి గాలి తగిలినట్టయింది.

రెబెకమ్మ చెయ్యి మంచిది. నలభై ఏళ్ళు విసిరిన చెయ్యి. ఇది ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 6, ఆదివారం.

ఈ ఏడు మళ్ళీ పందెం, ఈ రోజే. ఈసారి ఉదయగిరి పోయి తిరిగి ఆత్మకూరు రావాలి. అంటే చప్టాను రెండుసార్లు దాటతాయి. రామనారాయణ కొత్త కారు కొన్నాడు, పచ్చది. కొత్త డ్రైవరు. పోయేటప్పుడు ఆ బండిని నా పాత పద్ధతిలో, వెయ్యో వంతులో తీశాను. వచ్చేటప్పుడు రెబెకమ్మ తిరగలి మీద తీశాను.

డ్రైవరుకు ఇటు చూడమని చెప్పలేదు.

పచ్చ బండే గెలిచింది. మూడు నిమిషాల తేడాతో. మేళం పెట్టి ఊరేగించారు. మేం తిరగలి ఎత్తుకుని ఇంటికి వచ్చాం. నడుము విరిగింది.

మార్చి 8, మంగళవారం.

రెండూ కడిగాను. పక్కపక్కన పెట్టాను.

మొదటిది నిలబడి ఉంది. గెలిచిన బండి. కమ్మీలు లెక్కపెట్టుకోవచ్చు.

రెండోది చూస్తే నీళ్ళు పడకుండా పంచె సర్దుకోవాలనిపిస్తుంది. నీళ్ళు వెనక్కి గీతల్లా లేచాయి, గట్టు కరిగిపోయింది, ఆ మధ్యలో బండి ముక్కు ముందుకు చాచి పోతోంది. డ్రైవరు మొహం సగమే కనపడుతుంది. అయినా ఫోటోనే. ఇన్నేళ్ళు నేను అన్న మాట తప్పు.

మార్చి 9, బుధవారం. ఉదయగిరి నుంచి వచ్చి.

రామనారాయణ రెండో ఫోటో పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు.  "అబ్బా" అన్నాడు. "పెంచలనరసయ్యా, రారా, చూడు" అన్నాడు. షెడ్డులో అందరూ వచ్చారు. తలుపంత సైజు చేసి తీసుకురా, అద్దం కట్టిస్తా అన్నాడు.

అప్పుడు మొదటిది చూపించాను. "ఇది గూడా అదే బండి. అదే చప్టా. అదే రోజు. ఆగిందా?"

ఆయన దాన్ని చూశాడు. గోడ మీద మస్తాన్ బండిని చూశాడు. తెలివిగల మనిషి. తెలిసిపోయింది.

"సరే ఆదెయ్యా. బండి ఆగలేదనే అనుకుందాం. ఆ రోజు నేను ఫోటో చూసి తీసెయ్యలేదు. నిన్ను అడిగినా. అడిగినానా లేదా?"

అడిగాడు.

ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఆ రోజు ఆ గదిలోనే ఫోటో చేతిలో పెట్టుకుని, నిలబడ్డ బండి లాగుండాదే ఆదెయ్యా, బండి ఆగిందా పోతుండిందా, నువ్వే చూసినావు గదా చెప్పు అన్నాడు. మద్రాసువాళ్ళున్నారు. నెల్లూరు ఫోటోగ్రాఫరు ఉన్నాడు, పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. పోయే బండిని నిలబెట్టేశాను, వేగం నా ఫోటోలోకి రాలేదు అని వాడి ముందర చెప్పాలా? నా కెమెరా పెట్టెలో అబద్ధం ఉండదు, ఫోటోలో ఎట్లుంటే అట్లే జరిగింది అన్నాను.

మస్తాన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. అప్పుడు నేను చూడమనలేదు.

"నువ్వు తప్పు చెప్పినానని రాసి సంతకం పెట్టు. ఆ ఫోటో కింద అంటిస్తా. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు చదవనీ. అప్పుడు మస్తాన్‌కు నేను రాసిస్తా. నేనొక్కడినే ఎందుకు తలదించాల?" అన్నాడు రామనారాయణ.

మార్చి 10, గురువారం.

రాయను.

మార్చి 11, శుక్రవారం.

నిన్న రాయనని రాశాను. ఈ రోజు పొద్దున మస్తాన్ చిన్న ఫోటోలు తీసుకుపోవడానికి వచ్చాడు. కవరులో పెట్టి ఇచ్చాను. పోబోతుంటే కూర్చోమన్నాను. చెప్పాను. రామనారాయణ అడిగింది, వాడు తలుపు దగ్గర ఉండగా నేను అన్నది, ఎందుకు అన్నదీ అంతా.

"ఆ మాట నేనూ విన్నా గదా. నువ్వు ముసిలోడివి, తికమక పడినావనుకున్నా. తెలిసే అన్నావా?"

"తెలిసే."

"నెల్లూరోడు నవ్వినాడని?"

"అవును."

వాడు కవరును చొక్కా జేబులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "నా బిడ్డను ఇస్కూల్లో చప్టా, చప్టా అని పిలస్తారు. దాని పేరు మస్తానమ్మ. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు పెద్దాయనా. నాలుగేండ్లు దినామూ మీ ఇంటి ముందర నుంచే నీళ్ళ బిందె మోసినా. ఒక్క దినం కేకేసి చెప్పబుద్ది గాలేదా?"

రెబెకమ్మ లోపలి నుంచి మజ్జిగ తెచ్చింది. వాడు తాగలేదు. తిట్టినా బాగుండేది. చెప్పులేసుకుని పోయాడు.

రెబెకమ్మ ఆ మజ్జిగ చెంబు పట్టుకుని నా ముందరే నిలబడింది. "నాకూ చెప్పలేదే అన్నా" అంది. ఎప్పుడూ ఒక మాట ఎక్కువ మాట్లాడేది, అంతే అంది.

మార్చి 12, శనివారం.

రాశాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమయింది. కింద సంతకం పెట్టాను. ఉదయగిరి బస్సు కండక్టరు చేతికిచ్చి, రామనారాయణ చేతిలోనే పెట్టమన్నాను. పచ్చ బండి నిలబడ్డ ఫోటో కాపీ ఒకటి కూడా కవరులో పెట్టాను. రాసింది ఇక్కడ మళ్ళీ రాసుకుంటున్నాను, రేపు నేను అట్లా అనలేదని నాకు నేనే చెప్పుకోకుండా.

రామనారాయణ గారికి, ఆత్మకూరు ఫోటోగ్రాఫరు ఆదెయ్య రాసింది. యాభై ఒకటి పందెంలో మస్తాన్ చప్టా మీద బండి ఆపలేదు. యాభై మైళ్ళ మీద పోయాడు. నా వైపు చూసింది నేను చూడమన్నందుకు. ఆగినట్టు కనపడేది నా షట్టరు వల్ల. నువ్వు అడిగినప్పుడు ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి అబద్ధం చెప్పాను. పరువు కోసం చెప్పాను. ఈ కాగితం ఆ ఫోటో కింద అంటించుకో. పెద్ద అక్షరాలతో రాశాను, దూరం నుంచి కూడా కనపడుతుంది.

నా వంతు అయింది. ఇక నీ వంతు. మస్తాన్ మంచి డ్రైవరని, తప్పు చేయలేదని నీ సంతకంతో కాగితం రావాలి. మంగళవారం పొద్దున వాడు కంపెనీవాళ్ళ ముందు నిలబడాలి కాబట్టి, సోమవారం పద్నాలుగో తేదీ సాయంత్రం బస్సులో అది నాకు అందాలి. నేనే బస్టాండులో నిలబడి ఉంటాను. రాకపోతే, గెలిచిన నీ పచ్చ బండి నిలబడ్డ ఫోటోను తలుపంత సైజు చేసి బస్టాండు గోడకు కొడతాను. ఈ బండి పోతుండిందా ఆగిందా అని దిగిన ప్రతివాణ్ణీ అడుగుతాను. నిన్ను కూడా అడుగుతున్నాను. ఆగిందా? సోమవారం సాయంత్రంలోగా చెప్పు.